పొద్దుతిరుగుడు పువ్వు తిరగదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం పిల్లల పేజీలో పొద్దుతిరుగుడు చేను ఫొటో కింద, ‘ఈ పువ్వులు పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు తిరుగుతాయి’ అని రాశారు. దీన్ని తప్పుపట్టే అర్హత నాకు అంతంతమాత్రమే. జీవశాస్త్రం ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్లు నేనూ ఇదే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక రైతుబిడ్డ లేచి, ‘మా చేలో పువ్వులు సాయంత్రం కూడా తూర్పుకే చూస్తాయి సార్’ అన్నాడు. బడి వదిలాక వాడి వెంట వెళ్లాను. పడమటి ఎండ చేను మీద ఏటవాలుగా పడుతోంది. అరచేతి కంటే వెడల్పైన పూలన్నీ ఆ ఎండకు వీపు పెట్టి, మేము నిలబడిన తూర్పు గట్టు వైపే చూస్తున్నాయి. ఆలస్యంగా మొలిచి ఇంకా మొగ్గ విచ్చని మొక్కల తలలు మాత్రం పడమరకు వాలి ఉన్నాయి.

తలుపు తిరగడానికి కీలు ఉంటుంది, కాండానికి అలాంటిదేమీ లేదు. ఒక పక్క ఎక్కువగా, రెండో పక్క తక్కువగా పెరిగితేనే అది వంగుతుంది. లేత పొద్దుతిరుగుడు కాండంలో పగలు తూర్పు పక్క ఎక్కువగా సాగుతుంది కనుక తల పడమరకు వాలుతుంది. రాత్రి పడమటి పక్క సాగి, తెల్లవారేసరికి తలను మళ్లీ తూర్పుకు తెస్తుంది. పువ్వు పూర్తిగా విచ్చి కాండం ఎదుగుదల ఆగిపోయాక ఈ ఊగులాట కూడా ఆగి, తల తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు విచ్చిన పూల కుండీలను కొన్నింటిని పడమరకు తిప్పిపెట్టి చూస్తే, ఉదయాన్నే త్వరగా వేడెక్కే తూర్పు ముఖం పూల మీదే తేనెటీగలు ఎక్కువగా వాలాయి.

పెళ్లింట్లో పాలికల్లో నవధాన్యాలు మొలిచాక, గది మూలన పెట్టినవి పాలిపోయి వాకిలి వైపు ఒరగడం అందరూ చూసినదే. ఇక్కడా జరిగేది ఎగుడుదిగుడు పెరుగుదలే. గడ్డి మొలకల కొనకు వెలుతురు సోకకుండా చిన్న టోపీ తొడిగితే మొలక వంగలేదని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రకటించారు. అంటే వెలుతురును పసిగట్టేది కొన, వంగేది దాని కింది భాగం. ఆ కబురు మోసుకెళ్లే పదార్థం ఆక్సిన్. అది నీడ పక్కకు ఎక్కువగా చేరి అక్కడి కణాలను సాగదీస్తుంది. వెలుతురు కోసం మొక్క ఆరాటపడుతుందని పిల్లలకు చెప్పడం సులువే కానీ, అలా చెబితే సాగింది నీడ పక్క అన్న అసలు ముచ్చట మరుగున పడిపోతుంది.

భూమి తన వైపు లాక్కునే బలం (గురుత్వాకర్షణ) విషయంలోనూ ఇంతే. వేరు కొనకున్న తొడుగులోని కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి; వేరు పక్కకు ఒరిగితే అవి కింది వైపు జారి, ఆక్సిన్‌ను అటే మళ్లిస్తాయి. అయితే కాండాన్ని సాగదీసే ఆక్సినే వేరులో మోతాదు మించితే పెరుగుదలను అణచివేస్తుంది, అందుకే అడ్డంగా పడుకోబెట్టిన మొలకలో కాండం పైకి, వేరు కిందికి వంగుతాయి. గాలివానకు పడిపోయిన లేత వరి కణుపుల దగ్గర మోచెయ్యిలా వంగి తల లేపడం, గింజ ముదిరాక పడిన చేను అలాగే ఉండిపోవడం రైతులకు తెలిసిందే. ముదిరిన కణుపులో ఇక సాగే శక్తి ఉండదు.

మా అనంతపురం జిల్లా పిల్లలకైతే ఈ పాఠం వేరుశనగ చేలోనే చెప్పవచ్చు. పువ్వు నేల పైనే పూస్తుంది, కాయ మట్టిలో ఊరుతుంది. ఆ రెంటి మధ్య జరిగేదాన్ని రైతులు ఊడలు దిగడం అంటారు. పువ్వు ఫలదీకరణం చెందాక దాని అడుగు నుంచి సన్నని కాడ బయలుదేరి, కొనలో అండాశయంతో నేరుగా నేలకు దిగుతుంది. కొమ్మకు పుట్టినదైనా దాని నడక వేరులాంటిదే. మట్టిలో కొంత లోతుకు వెళ్లాక అడ్డం తిరుగుతుంది, కొన ఉబ్బి కాయ అవుతుంది. మొక్క పైభాగాన పూసిన పువ్వుల ఊడలు చాలావరకు నేలను అందుకోలేక గాల్లోనే ఎండిపోతాయి. విత్తిన 45 రోజుల తర్వాత అంతరకృషి (సాళ్ల మధ్య మట్టిని కదిలించి కలుపు తీయడం) చేయవద్దని వ్యవసాయాధికారులు చెప్పడం కూడా దిగే ఊడలు తెగిపోతాయనే. ఒక మొక్కను పెకలించి, మట్టి తాకిన ఊడను, తాకని ఊడను పక్కపక్కన పెట్టి చూపితే పిల్లలకు బోర్డు మీద బొమ్మ అక్కర్లేదు.

కాబట్టి ఆ ఫొటో కింది వాక్యానికి సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. వీలైతే బాగా విచ్చిన పూలున్న ఒక చేనును ఒకే చోట నిలబడి ఉదయం ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి ఫొటో తీయించి, రెండూ పక్కపక్కనే ప్రచురించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం