ప్రేమ విఫలమైతే అడవికి పోయారా?

సంపాదకులకు,

అయ్యా, పోయిన వారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో పాత నక్సలైట్ల మీద వేసిన నాలుగు పేజీల కథనం గురించి ఈ ఉత్తరం. ఎవరైనా ప్రొఫెసర్లు రాస్తారని ఇన్నాళ్లు ఆగాను. వాళ్లకు టీవీ చర్చల్లో కూర్చోవడానికే తీరిక చాలడం లేదేమో.

ఫొటోలు తీసేస్తే ఆ నాలుగు పేజీల్లో మిగిలింది ఇంతే: చదువుకున్న కుర్రాళ్లు యూనివర్సిటీలో పాటలు విని ఊగిపోయారు, ఒకాయనకు ప్రేమ బెడిసింది, ఇంకొకాయనకు నౌకరీ రాలేదు, అందరూ కలిసి అడవికి పోయారు. ఇప్పుడు లొంగిపోతున్నారు. కథ కంచికి. మీ రిపోర్టర్ మాట్లాడిన ముగ్గురూ రిటైర్డ్ పోలీసు అధికారులే.

నేనేమీ నక్సలైట్ల తుపాకులకు వకాల్తా పుచ్చుకోవడం లేదు. (ఈ మాట ముందే చెప్పకపోతే ఈ రోజుల్లో ఉత్తరం రాయాలన్నా టెన్షనే.) 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర రైలు పెట్టె తగలబెడితే కాలిపోయిన నలభై మందికి పైగా జనంలో భూస్వాములు ఎంతమంది? ఇన్‌ఫార్మర్ అని పేరు పెట్టి చంపిన ఊరివాళ్ల సంగతేమిటి? అలాంటి పని చేయడానికి వాళ్లకు మనసెలా ఒప్పిందో మీ కథనం అడగలేదు. మొదట ఎందుకు కదిలారో అదీ అడగలేదు. రెండూ అడగకుండా నాలుగు పేజీలు నింపడం మాత్రం గొప్పే.

నేను సర్వేయర్‌గా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపే పనిచేశాను. అక్కడ ఎవరిని కదిపినా భూమి మాటే వచ్చేది. శ్రీకాకుళం గిరిజన ఉద్యమం కథ కూడా భూమి దగ్గరే మొదలైంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనుల్లో కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు చంపారు. కేసు నడిచింది, నిందితులు బయటపడ్డారు. 1968 నవంబరుకు అక్కడ సాయుధ పోరాటం మొదలైంది. ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970లో చనిపోయారు. అదే ఏడాది సర్కారు 1/70 చట్టం తెచ్చి, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. వాళ్ల గొడవంతా విఫల ప్రేమల గురించే అయితే సర్కారు భూమి చట్టానికి ఎందుకు పదును పెట్టినట్టు? మీ రిపోర్టర్‌ను అడిగి చెప్పగలరు.

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి సభకు వచ్చిన గోండు గిరిజనులు ఏ పాటలు విని వచ్చారు? ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయింది పదమూడు మందేనని సర్కారు లెక్క. ఆ లెక్కను ఆ ప్రాంతంలో నమ్మినవాళ్లను నేను చూడలేదు. 2006లో ప్రణాళికా సంఘం వేసిన, 2008లో నివేదిక ఇచ్చిన నిపుణుల బృందంలో ప్రకాశ్ సింగ్ లాంటి మాజీ పోలీసు అధిపతీ ఉన్నారు, హక్కుల లాయరు బాలగోపాలూ ఉన్నారు. ఆ నివేదికలో భూమి, అడవి, నిర్వాసితుల గోడు ఉన్నాయి. మీ రిపోర్టర్‌కు ఆ ఒక్క మాజీ పోలీసు దొరకకపోవడం మా దురదృష్టం.

అసలు మన పత్రికలకు నక్సలైట్ల ఉద్దేశాలు సర్కారు మూడ్‌ను బట్టి కనిపిస్తాయి. 1982లో ఎన్టీఆర్ వాళ్లను దేశభక్తులంటే దేశభక్తులు. 1985లో అదే సర్కారు వాళ్ల సభలూ పాటలూ అణిచేస్తూ ‘ఆట, మాట, పాట బంద్’ అంటే దుండగులు. 2004 అక్టోబరులో చర్చలకు హైదరాబాద్ వస్తే మళ్లీ మొదటి పేజీలో అన్నలు. మరుసటి ఏడాది నిషేధం, మళ్లీ దుండగులు. 1987లో నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్‌ల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. అలాంటి మనిషే తర్వాత పౌర స్పందన వేదిక పెట్టి రెండు వైపులా తప్పులు ఎత్తిచూపారు. ఆయనకున్న ఓపికలో పావు వంతు మన డెస్కులకు ఉంటే బాగుండును. ఒకప్పుడు రిపోర్టర్లు బస్సెక్కి ఉట్నూరు దాకా వచ్చి మా రికార్డులు తిరగేసేవారు. ఇప్పుడు సోమాజిగూడ ప్రెస్ క్లబ్ దాటరు. దాటి వచ్చినా ఏం చూస్తారులెండి. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ పోయి భూభారతి వచ్చింది గానీ, తప్పు పడ్డ సర్వే నంబరు పట్టుకుని ముసలివాళ్లు తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం పోలేదు. అడవిలో సాగు చేసుకునే పోడు భూమి పట్టా కోసం తిరిగేవాళ్ల గురించి మీరు చివరిసారి నాలుగు పేజీలు ఎప్పుడు వేశారు?

ఇంకొకటి. నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను చర్లపల్లి జైల్లో ఉరితీశారని వేశారు. 1975 డిసెంబరు 1న ఉరితీసింది ముషీరాబాద్ జైల్లో. ఇప్పుడు అక్కడ గాంధీ ఆస్పత్రి ఉంది, మీ ఆఫీసు నుంచి ఆటోలో పోయి రావచ్చు. ఆ ఇద్దరూ ఆదిలాబాద్ జిల్లా రైతులు. వాళ్లు ఏ యూనివర్సిటీలో పాటలు విన్నారో కూడా పనిలో పనిగా కనుక్కోండి. సవరణ మొదటి పేజీలో వేయమని అడగను. రాశిఫలాల పక్కన వేయండి, అదైతే అందరూ చదువుతారు.

– రిటైర్డ్ సర్వేయర్,
వనస్థలిపురం, హైదరాబాద్