అత్తయ్య అడిగిన మాట

ఒరే శీనూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది, జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. నేనొక ఇంగ్లీషు మాట వెంటపడి తిరుగుతున్నాను, అదీ సంగతి.

పోయిన నెల సికింద్రాబాద్‌లో మా ఆఫీసు కుర్రాడి పెళ్ళి, చర్చిలో. అత్తయ్య కూడా వచ్చింది. పాస్టరుగారు ఇంగ్లీషులో పెళ్ళికొడుకుని అడుగుతుంటే ‘ఫర్‌సేకింగ్ ఆల్ అదర్’ అని ఒకచోట వచ్చింది. అత్తయ్య మోచేత్తో పొడిచి "ఏమంటున్నారురా?" అంది. "మిగతా అందర్నీ వదిలేసి ఈ అమ్మాయితోనే ఉంటావా అని" అన్నాను. "అయ్యో, కన్నతల్లిని కూడానా!" అంది, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగేంత గట్టిగా.

ఇంటికొచ్చి తవ్వితే, ఆ ‘ఫర్‌సేక్’ అనే మాట అడుగున ఓ కోర్టు గొడవ బయటపడిందిరా. పాత ఇంగ్లీషులో అది ‘ఫోర్‌సకన్’. ‘సకన్’ అంటే తగువాడటం, నేరం మోపడం. ‘సకు’ అంటే తగువు, దావా. (మన సాకులాగే వినిపిస్తుంది కానీ చుట్టరికమేమీ లేదు, సంబరపడకు.) ముందున్న ‘ఫర్’ కూడా ‘కోసం’ అనే ఫర్ కాదు, ఫర్‌గెట్, ఫర్‌బిడ్‌లలో ఉన్నది. అంటే మొదట్లో ఈ మాటకి అర్థం గుట్టుగా జారుకోవడం కాదు. ఎదురుగా నిలబడి, ‘కాదు, ఒప్పుకోను’ అనడం. దిక్కులేకుండా వదిలిపోవడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

‘ఫర్ యువర్ సేక్’ అంటామే, ఆ సేక్ కూడా ఈ సకుయే. నీ దావా తరఫున అన్నది అరిగి అరిగి నీ కోసం అయింది. జర్మన్‌లో దీని తోబుట్టువు ‘సాహె’. అదీ ఒకప్పుడు తగువే, ఇప్పుడు వట్టి సంగతి, వస్తువు. మనకీ ఇదే జరిగింది చూడు: ధర్మశాస్త్రాల్లో వ్యవహారమంటే న్యాయస్థానంలో నడిచే వ్యాజ్యం. మనమేమో "వీడి వ్యవహారం ఏం బాలేదు" అంటున్నాం!

నాకు బాగా పట్టుకున్నది మాత్రం వేరే ఉంది. సుమారు పన్నెండు వందల ఏళ్ళనాటి బాప్తిస్మపు ప్రమాణం ఒకటి, పాత సాక్సన్ భాషలో (ఉత్తర జర్మనీవాళ్ళ పాత భాషలే), వాటికన్ గ్రంథాలయంలో ఉంది. ‘ఫోర్‌సాకిస్తు దియోబోలే?’ అని అడుగుతారు, సైతానుని కాదంటావా అని. ‘ఎక్ ఫోర్‌సాకో’ అనాలి. అక్కడితో వదలరు, తునార్, వోడెన్, సాక్స్‌నోట్ అని పాత దేవుళ్ళని పేరుపేరునా కాదనిపిస్తారు. నిన్నటిదాకా మొక్కినవాళ్ళనిరా! అలా చెప్పేటప్పుడు ఎంతమందికి నోరు పెగిలిందో. తమాషా ఏంటంటే, ఆ వోడెన్ ఇంగ్లీషువాళ్ళ బుధవారం ‘వెడ్నెస్‌డే’లో, తునార్ గురువారం ‘థర్స్‌డే’లో ఇంకా కూర్చునే ఉన్నారు.

ఇంగ్లండు ప్రార్థన పుస్తకంలోనూ 1549లో బాప్తిస్మానికి ఫర్‌సేక్ అనే ఉండేది. 1662 కూర్పులో దాన్ని తీసి లాటిన్ నుంచి వచ్చిన ‘రినౌన్స్’ పెట్టారు. పెళ్ళి ప్రమాణంలో మాత్రం పాతదాన్నే ఉంచారు, అదే మా అత్తయ్య చెవిన పడింది. నన్నడిగితే రినౌన్స్ కాగితం మీద సంతకంలా ఉంటుంది, ఫర్‌సేక్‌లో ఉన్న తడి దానికి లేదు. సిలువ మీద ఏసు పెట్టిన కేకకి 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ‘ఫర్‌సేకెన్’ అని ఉంటే, తెలుగు బైబిలులో ‘నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని ఉంది. చెయ్యి విడవడం! అంతకంటే మంచి మాట నాకు తట్టడం లేదు.

ఇదంతా అత్తయ్యకి చెప్పాను. సగం విని, "అంటే రేపెవరైనా వచ్చి నువ్వు నావాడివంటే, నా మీద నీకు హక్కు లేదు పొమ్మనడం. అంతేనా? ఇక కన్నతల్లి దావా వెయ్యదులే" అని లేచి పప్పు చూసుకోవడానికి పోయింది. నా నెల రోజుల చదువు అక్కడికి చెల్లు.

అన్నట్టు, నువ్వు పట్టుకెళ్ళిన నా నిఘంటువుకి నేనింకా నీళ్ళొదులుకోలేదు. పండక్కి వచ్చేటప్పుడు పట్రా.

నీ,
రాంబాబు