బుజ్జీ, ఆ మోత నీ పెడల్‌ది కాదు

బుజ్జీ,

నిన్న రాత్రి పంపిన నీ గిటార్ రికార్డింగ్ మూడుసార్లు విన్నా, ముందు ఫోన్‌లోనే, తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఆ రెండో రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ముక్క) దగ్గర చెయ్యి బాగా తిరిగింది నీకు, దసరాకి ఇంటికొచ్చినప్పుడు వాయించినదానికీ దీనికీ పోలికే లేదు. సరే, నువ్వు అడిగింది అది కాదుగా. అరచెయ్యి అడ్డంపెట్టి టక్కున ఆపిన ప్రతిసారీ వెనకాల ఎక్కడో 'ఝుయ్య్య్' అని ఒక తోక మిగిలిపోతోంది, శబ్దాన్ని మార్చే పెడల్ పోయిందా, షాపులో కొత్త పికప్ (స్ట్రింగ్స్ అదురుని పట్టుకునే భాగం) వేయించమంటున్నారు అన్నావు. ఏమీ కొనకమ్మా. నీ గిటార్ వెనక ప్లాస్టిక్ మూత కింద మూడు స్ప్రింగులు ఉంటాయి చూడు, మోగేవి అవే. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని టైప్ చేస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీది స్ట్రాట్ మోడల్ కదా. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ తెచ్చినప్పటి నుంచీ ఏర్పాటు ఇదే, ముందు నుంచి ఆరు స్ట్రింగ్స్ బ్రిడ్జిని (వాటి అడుగు చివర్లు పట్టుకునే లోహపు ముక్కని) ఒకవైపు లాగుతుంటాయి, వెనక నుంచి స్ప్రింగులు ఇంకోవైపు లాగుతుంటాయి, ఆ రెండు లాగుళ్ళూ సరిపోయిన చోట బ్రిడ్జి నిలబడుతుంది, దానికి తగిలించిన కడ్డీ, అంటే బార్, నొక్కితే వంగుతుంది, వదిలితే మళ్ళీ తన చోటికి వస్తుంది. (మనం ఈ ఏర్పాటుని ట్రెమొలో అంటాం గానీ ట్రెమొలో అంటే శబ్దం పెరిగి తగ్గడం, శ్రుతి ఊగితే అది వైబ్రాటో. ఫెండర్ వాళ్ళు గిటార్‌కి ఒక పేరు, ఆంప్‌కి (శబ్దం పెంచే పెట్టెకి) ఇంకో పేరు తారుమారుగా పెట్టారు, అదే స్థిరపడిపోయింది.)

లాగి కట్టిన స్ప్రింగ్ అంటే అదీ ఒక తీగే కదా. మన వంటింట్లో పై అరలో స్టీల్ పళ్ళేలు ఉంటాయి, రోడ్డు మీద ఇసుక లారీ పోతే వాటిల్లో ఒక్కటే గీ అని మోగుతుంది, మిగతావి ఊరికే ఉంటాయి, చిన్నప్పుడు నువ్వు పరిగెత్తుకెళ్ళి దాని మీద చెయ్యి పెట్టేదానివి గుర్తుందా. ఇక్కడా అదే. ఒక్కో స్ప్రింగుకి ఒక్కో శ్రుతి ఉంటుంది, నువ్వు వాయించిన స్వరం దానికి దగ్గరగా ఉంటే అది లేచి మోగుతుంది, నువ్వు స్ట్రింగ్స్ ఆపేసినా దాన్ని ఎవరూ ఆపలేదు కాబట్టి మోగుతూనే ఉంటుంది, ఆ అదురు స్ప్రింగులు తగిలించి ఉన్న, బ్రిడ్జి కింద ఉండే ఇనప బ్లాక్‌లోంచి బ్రిడ్జిలోకి, బ్రిడ్జిలోంచి స్ట్రింగ్స్‌లోకి పోయి పికప్‌కి అందుతుంది. క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ లేకుండా, వాయిస్తే ఇది విడిగా వినపడదు. పెడల్‌తో డిస్టార్షన్ (ఆ గరగర శబ్దం) పెట్టగానే చిన్న శబ్దాలన్నీ పెద్దవాటి పక్కకి లేచొస్తాయి, అందుకే పెడల్ నొక్కినప్పుడే మోత వస్తోందని నువ్వు పెడల్‌ని అనుమానించావు.

అలాగని ఆ శబ్దమే చెడ్డదని అనుకోకు. శబ్దానికి గదిలో మార్మోగినట్టు తోక తగిలించే స్ప్రింగ్ రివర్బ్ అనేది పనిచేసేదీ ఇలాగే, స్ప్రింగుకి ఒక చివర శబ్దం ఎక్కించి రెండో చివర పట్టుకోవడం. ఫెండర్ వాళ్ళు 1961లో దాన్ని విడి పెట్టెగా అమ్మారు, 1963లో వైబ్రోవెర్బ్ ఆంప్ లోపలే పెట్టేశారు, జనం డబ్బులిచ్చి కొనుక్కున్నారు ఆ మోతని. నిదానంగా క్లీన్‌గా వాయించేటప్పుడు నీ గిటార్‌కి ఆ నిండుదనం వచ్చేది కొంత ఈ స్ప్రింగుల వల్లే. నువ్వు ఇప్పుడు వాయించేవి తెగ్గొట్టినట్టు ఆగాల్సిన పాటలు కాబట్టి దాన్ని కాస్త శాంతపరచాలి, పూర్తిగా చంపనక్కర్లేదు.

ముందు నిర్ధారణ చేస్కో. వెనక మూత స్క్రూలు తీసి ఒక గిన్నెలో వేస్కో, పోతే దొరకవు. డిస్టార్షన్ పెట్టి ఒక్క దెబ్బ కొట్టి ఆపు, తోక విను. ఇప్పుడు నీ ఫ్రెండ్‌ని స్ప్రింగుల మీద వేళ్ళు ఆనించమని మళ్ళీ అదే కొట్టు. తోక పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే హెడ్ దగ్గర, నట్‌కీ (మెడ చివర స్ట్రింగ్స్ ఆనే పట్టీకీ) ట్యూనింగ్ కీలకీ మధ్య ఉన్న స్ట్రింగ్ ముక్కలు మోగుతున్నట్టు, అక్కడ నీ జుట్టుకి పెట్టుకునే బట్ట రబ్బరు బ్యాండ్ చుడితే చాలు. రెండూ కలిసి మోగే గిటార్లు కూడా ఉంటాయి. ఇది చూడకుండా ఏదీ కుక్కొద్దు.

స్ప్రింగులే అయితే పార్సిల్‌లో బూడిదరంగు ఫోమ్ ముక్క పెట్టాను, అగ్గిపెట్టెంత ఉంటుంది. స్ప్రింగులు ఊడదియ్యక్కర్లేదు, అవి చేతిలోంచి జారితే కంటికి తగులుతాయి, అట్లా ఉండగానే వాటి కిందనుంచి, చెక్కకీ స్ప్రింగులకీ మధ్య, ఫోమ్‌ని మెల్లగా తొయ్యి. అది స్ప్రింగుల్ని తాకాలంతే, పైకి ఎత్తకూడదు. మందం ఎక్కువనిపిస్తే బ్లేడుతో పొర తియ్యి. బ్లాక్ వైపు రెండు వేళ్ళ ఖాళీ తప్పకుండా వదులు.

ఆ ఖాళీ గురించి ఎందుకింత చెప్తున్నానంటే నేను ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో భీమవరం దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్‌కి ముందు ఇదే మోతకి మందు వేద్దామని గిన్నెలు తోమే స్పాంజి రెండు ముక్కలు ఆ గుంటలో కుక్కేశాను, రిహార్సల్‌లో బ్రహ్మాండంగా ఉంది, స్టేజి మీద రెండో పాటలో బార్ నొక్కి వదిలితే స్పాంజి జారి బ్లాక్ ముందు పడింది, బ్లాక్ వెనక్కి రాలేకపోయింది, ఆరు స్ట్రింగ్సూ కింద శ్రుతిలో ఉండిపోయాయి. కీబోర్డు అన్నయ్య ఒక శ్రుతి, నేను ఒక శ్రుతి. పాడే అమ్మాయి మధ్యలో ఆగిపోయి నా వైపు తిరిగింది, ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు నేను. ఆ పాట మొత్తం గిటార్ లేకుండానే అయింది.

హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) స్ప్రింగులకి తొడగమని కూడా నీకు ఎవరో ఒకరు చెప్తారు. పనిచేస్తుంది, కానీ స్ప్రింగ్ నడుము మీదే తొడగాలి, రెండు చివర్లా కొక్కేలు బోడిగా ఉండాలి. స్ప్రింగులు తగిలించిన పంజా లాంటి ప్లేట్‌కి ఒక వైరు సోల్డర్ చేసి ఉంటుంది, అది గ్రౌండ్ వైరు, అక్కడి నుంచి స్ప్రింగులు, బ్లాక్, బ్రిడ్జి మీదుగానే నీ స్ట్రింగ్స్‌కి గ్రౌండ్ అందుతుంది. మూడు కొక్కేలకీ స్లీవ్ కప్పేశావనుకో, స్ప్రింగ్ మోత పోయి గుయ్యిమనే హమ్ మొదలవుతుంది, స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టినా తగ్గదు. నన్నడిగితే నీకు ఫోమ్ చాలు.

నీ బ్యాండ్ అబ్బాయి చెప్పినట్టు చెక్క ముక్క పెట్టి బ్రిడ్జిని బిగించేయడం కూడా ఉంది, గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ గిటార్‌లో అలాగే ఐదు స్ప్రింగులూ వేసి చెక్క పెట్టి కదలకుండా చేస్తారు. ఆయన బార్ వాడడు. నువ్వు వాడతావు, ఆ చివరి పాటలో నువ్వు బార్‌తో తీసే ఆ వంపు నాకు చాలా ఇష్టం, దాన్ని పోగొట్టుకోకు. చిన్న శబ్దాల్ని కోసేసే నాయిస్ గేట్ పెడల్ కూడా ఇప్పుడే వద్దు, అది తోకతో పాటు నువ్వు నిలబెట్టిన స్వరాల చివర్లు కూడా తినేస్తుంది.

బార్ ఊపుతుంటే కిర్రుమంటోందని కూడా అన్నావు కదా, అది వేరే జబ్బు, కొక్కేలు రాసుకుంటున్నాయి. పెన్సిల్ ముల్లు పొడి చేసి అగ్గిపుల్లతో కొక్కెం తగిలే చోట అద్దు, లేకపోతే చుక్కంత వాసెలిన్. బార్ తన రంధ్రంలో లొడలొడలాడితే మర మీద ప్లంబర్లు వాడే తెల్ల టేపు ఒక చుట్టు చుట్టి బిగించు.

అంతా అయ్యాక శ్రుతి సరిచేసి, బార్ పదిసార్లు నొక్కి వదిలి మళ్ళీ శ్రుతి చూడు, మారితే ఫోమ్ ఎక్కడో అడ్డుపడుతోందని అర్థం, తీసి సన్నం చెయ్యి. ఏడాదికోసారి మూత తీసి చూస్తుండు, ఫోమ్ పాతబడితే జిగురు జిగురుగా అయి స్ప్రింగులకి అంటుకుంటుంది.

పార్సిల్ బుధవారానికి వస్తుంది, హాస్టల్ గేటు దగ్గర అడుగు. అమ్మ అందులోనే సున్నుండలు పెట్టింది, డబ్బా పైన ఉంది, ఫోమ్ అడుగున పేపర్లో చుట్టి ఉంది. ఫోమ్ పెట్టకముందు ఒకటి, పెట్టాక ఒకటి, అదే రిఫ్, అదే వాల్యూమ్‌లో రికార్డ్ చేసి పంపు. ఎంత రాత్రయినా పర్లేదు, నేను మేలుకునే ఉంటా.

నాన్న