బ్రష్ చేస్తే రక్తం వస్తోందన్నావుగా

చిన్నమ్మలూ,

ఏ పేస్టు కొనాలని అడిగావు. చెప్తాను గానీ, ముందు ఒక మాట. రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేశావేమో, మానకు. బ్రష్ గీరుకుని వచ్చే రక్తం కాదది చాలావరకు. పాచి పేరుకుని చిగురు వాచింది, అందుకే తాకగానే కారుతోంది. వదిలేసిన కొద్దీ వాపు ఎక్కువవుతుంది.

అద్దం ముందు నిలబడి, చిగురూ పన్నూ కలిసే అంచున గోటితో మెల్లగా గీకి చూడు. తెల్లగా, మెత్తగా వస్తుందే, అదే పాచి. ఊరికే తిండి మిగిలిపోయింది కాదు, బతికున్న బాక్టీరియా గుంపు. తన చుట్టూ తనే జిగురు అల్లుకుని పంటికి అతుక్కుంటుంది కనుక పుక్కిలిస్తే పోదు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంతవైద్య పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజులకే దాదాపు మామూలైపోయాయి. నీకూ తగ్గుతుంది.

ఇక ట్యూబు వెనక చదువు. ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే లెక్క) మధ్య ఉండాలి. అది పంటి పైపొరను గట్టిచేస్తుంది, బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మార్చే పనిని కాస్త మందగింపజేస్తుంది. అయితే ఫ్లోరైడ్‌లన్నీ ఒకటి కాదు. సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ ప్రధానంగా పిప్పిపళ్లు రాకుండా చూస్తాయి. స్టానస్ ఫ్లోరైడ్‌లో తగరం ఉంది. అది బాక్టీరియాను అణిచి చిగుళ్ల వాపునూ తగ్గిస్తుంది, నీకు పనికొచ్చేది ఇదే. కొందరికి పళ్ల మీద గోధుమరంగు మరక పడుతుంది, అది పైపైదే, క్లీనింగ్‌లో పోతుంది. జింక్ సిట్రేట్ ఉంటే నోటి వాసన కూడా తగ్గుతుంది, ఎందుకంటే బాక్టీరియా వదిలే గంధకపు వాయువులను జింక్ పట్టేస్తుంది.

నురగ ఎక్కువొస్తే బాగా శుభ్రమైనట్టు అనుకోకు. ఆ నురగ సోడియం లారిల్ సల్ఫేట్‌ది. తరచూ నోటిపూత వస్తుంటే అది లేని పేస్టు వాడి చూడు, కొందరికి తేడా తెలుస్తుంది. డాక్టరు బాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తే మాత్రం బ్రష్ చేసిన వెంటనే పుక్కిలించకు. క్లోర్‌హెక్సిడిన్‌ది ధనావేశం, నురగ పదార్థానిది రుణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని మందు పనిచేయకుండా పోతుంది. కనీసం అరగంట ఆగు. చెప్పినన్ని రోజులే వాడు, ఎక్కువ వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి మారుతుంది.

తెల్లబరుస్తాయని, బొగ్గుపొడి కలిపామని అమ్మే వాటి జోలికి పోకు. వాచిన చిగుళ్ల మీద గరుకు పొడి రుద్దితే చిగురు జారి, వేరు మీది మెత్తటి భాగం అరిగి జివ్వుమంటుంది.

అసలు పని బ్రష్‌దే, బంగారం. ఎంత మంచి పేస్టయినా ఆ జిగురు పొరను కరిగించలేదు, కుంచె కదిపి విడగొట్టాల్సిందే. మెత్తటి కుంచెలున్న బ్రష్ తీసుకో. పేస్టు బఠాణీ గింజంత చాలు. కుంచెలను చిగురంచు మీద 45 డిగ్రీల వాలుగా ఆనించి, వేళ్ల కొసలతో పట్టుకుని చిన్న చిన్నగా ఊపు. పిడికిలి బిగించి అడ్డంగా రుద్దకు. మొత్తం 2 నిమిషాలు, పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. అయ్యాక ఉమ్మేయి, నీళ్లతో పుక్కిలించకు, ఫ్లోరైడ్ కాసేపు పంటి మీదే ఉండాలి. పళ్ల సందుల్లోకి కుంచె వెళ్లదు, అక్కడికి రోజుకోసారి ఫ్లాస్ దారం. మొదటి నాలుగైదు రోజులు దారానికి రక్తం అంటుతుంది, భయపడకు.

రెండు వారాలు ఇలా చేసినా రక్తం ఆగకపోతే లోపల పాచి గట్టిపడి గార కట్టి ఉండొచ్చు. అది ఏ పేస్టుకీ రాదు, డాక్టరు పరికరంతో తీయాలి. చిగురు పంటి నుంచి విడిపోయినట్టు కనిపించినా, చీము వచ్చినా, పన్ను కదిలినా రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లు. లోపలి ఎముక కరిగితే మళ్లీ మామూలుగా రాదు. చూపించుకుని డాక్టరు ఏమన్నారో నాకు రాయి.

నీ
అమ్మ