బ్యాక్ ఆడినవాడి స్కోరు 1-0

సంపాదకులకు నమస్కారం.

విదేశీ ఫుట్‌బాల్ కోచ్‌ల మీద మీరు వేసిన వ్యాసంలో, థాయ్‌లాండ్ కోచ్‌గా చేసిన మిలోవాన్ రాజెవాచ్‌కు దక్కింది ఒక్క వాక్యం: 2019 జనవరి 6న అబుదాబి ఆసియా కప్ మ్యాచ్‌లో మన చేతిలో థాయ్‌లాండ్ 4-1తో ఓడింది, మర్నాడే ఆయన ఉద్యోగం ఊడింది. నిజమే. కానీ నేను కుర్రతనంలో స్టాపర్ బ్యాక్ (గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్) ఆడి, తర్వాత బడిపిల్లలకు ఆట నేర్పినవాణ్ణి; రాజెవాచ్‌ను అంత తేలిగ్గా తీసిపారేస్తే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

సెర్బియాలోని చాయెటినాలో పుట్టిన రాజెవాచ్ రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్, వోయ్‌వోదినా లాంటి క్లబ్బులకు ఆడిన డిఫెండర్. 2008లో ఘనా జట్టు పగ్గాలు పట్టాడు. 2010 ఆఫ్రికా కప్‌లో ఆయన స్కోర్లు చూడండి: బుర్కినా ఫాసో మీద 1-0, అంగోలా మీద 1-0, సెమీస్‌లో నైజీరియా మీద 1-0. ఫైనల్లో ఈజిప్టు చేతిలో ఓడిందీ 1-0తోనే. చూసేవాళ్లకు ఆవులింతలు రావచ్చు. ఒక్క గోల్ ఆధిక్యంతో ఆఖరి పది నిమిషాలు కాచుకోవడమెంత కష్టమో బ్యాక్ ఆడినవాణ్ణి అడగాలి.

ఆ ఏడాది ప్రపంచ కప్‌లో తొలి మ్యాచ్ ఎవరితోననుకున్నారు? సొంత దేశంతోనే! జూన్ 13న ప్రిటోరియాలో, 85వ నిమిషంలో ఘనా ఆటగాడు గ్యాన్ కొట్టిన పెనాల్టీతో సెర్బియా మీదా అదే 1-0. క్వార్టర్స్‌లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్ గీత మీద నిలబడి బంతిని చేత్తో ఆపడం, ఆ పెనాల్టీని గ్యాన్ క్రాస్‌బార్‌కు కొట్టడం అందరికీ తెలిసిందే. ఆ బంతి లోపలికి పోయుంటే ఆఫ్రికా జట్టు మొదటిసారి సెమీస్‌కు చేరేది.

తర్వాత సౌదీ, ఖతార్, అల్జీరియా. అల్జీరియాలో నాలుగు నెలలైనా నిలవలేదు. ఆపైన థాయ్‌లాండ్. అబుదాబిలో సగం ఆటకు స్కోరు 1-1. విరామం నుంచి వచ్చీ రాగానే థాయ్ బ్యాకులు ఇంకా కుదురుకోకముందే మన ఛెత్రి రెండోది కొట్టాడు, అక్కడితో ఆట చేయిదాటింది. (1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీస్‌లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ జట్టు, అప్పట్లో సెర్బియా కూడా భాగంగా ఉన్న యుగోస్లావియా చేతిలో ఓడిందీ 4-1తోనే. సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకు ఆ రాత్రి అది గుర్తుకు రాకుండా ఉంటుందా!)

మరి గెలిచిన మన కోచ్ మాత్రం నిలిచాడా? యూఏఈ చేతిలో 2-0తో, ఆఖరి క్షణాల పెనాల్టీకి బహ్రెయిన్ చేతిలో 1-0తో ఓడి మనం ఇంటిదారి పట్టాం. ఆ జనవరి 14నే మన కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రాజీనామా చేశాడు. థాయ్‌లాండేమో నాకౌట్‌కు వెళ్లింది. మీ వ్యాసంలో ఈ సంగతి లేదు.

2021లో ఘనా రాజెవాచ్‌ను మళ్లీ పిలిచింది. 2022 జనవరిలో ఆఫ్రికా కప్‌లో కొమొరోస్ అనే చిన్న దీవుల దేశం చేతిలో 3-2తో ఓడగానే సాగనంపింది. గోల్ పోకుండా కాయడమే ఆటనుకున్నవాడి జట్టు కొమొరోస్ చేతిలో మూడు తిన్నది! అది మాత్రం నేనూ వెనకేసుకురాలేను.

మీ విలేకరులకు ఒక విన్నపం. గోల్ కొట్టినవాడి ఫొటో ఎలాగూ వేస్తారు. ఆ సమయంలో వెనకున్న నలుగురు ఎక్కడున్నారో కూడా రెండు ముక్కలు రాయించండి.

- విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్