మిగులు సరే, నిరుటి లెక్క ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణ పురపాలక సంఘం 2025-26 సంవత్సరానికి ‘మిగులు బడ్జెట్’ను ఏకగ్రీవంగా ఆమోదించిందన్న వార్త మీ జిల్లా పేజీల్లో వచ్చి మూడు వారాలు దాటింది. ఈలోగా ఎవరో ఒకరు అడగకపోతారా, కనీసం ప్రతిపక్షం వైపు కూర్చున్న కౌన్సిలర్లలో ఒక్కరైనా నోరు విప్పకపోతారా అని చూసి చూసి, ఆ సూచన ఏదీ కనిపించక ఈ లేఖ రాస్తున్నాను. నేను సహకార బ్యాంకులో ముప్పై రెండేళ్లు పద్దులు రాసి రిటైరైనవాణ్ణి. ‘మిగులు’ అన్న మాట వినగానే మురిసిపోవడం మా వృత్తిలో అలవాటు లేదు. అది ఎక్కడి నుంచి మిగిలిందో, ఎవరికి బాకీ పెడితే మిగిలిందో చూడటమే అలవాటు.

ఆ రోజు సమావేశానికి నేను సందర్శకుల బెంచీ మీద కూర్చుని ఉన్నాను. బడ్జెట్ ప్రతులు సభ్యుల చేతికి అందింది సభ మొదలయ్యే ముందే. అధికారి ఒకరు మొత్తాలు మాత్రం గబగబా చదివి, మిగతావి చదివినట్లుగా భావించవలసిందని కోరారు, సభ్యులు బల్లలు చరిచారు, అయిపోయింది. గోడ గడియారం ప్రకారం ఇరవై రెండు నిమిషాలు పట్టింది, అందులోనూ శాలువాలకు పోయినవి కొన్ని. మా వీధిలో పెళ్లి వంటకు బేరమాడినా ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

నా అభ్యంతరం రాబోయే ఏడాది గురించి కాదు. రాబోయే ఏడాది గురించి ఎవరు ఏమైనా రాసుకోవచ్చు. మొన్న మార్చి 31తో ముగిసిన 2024-25లో అనుకున్నదెంత, వచ్చిందెంత, ఖర్చయిందెంత అన్నదే నేనడిగేది. బడ్జెట్ పుస్తకంలో పక్కపక్కనే గడులుంటాయి. అంతకు ముందటి ఏడాది వాస్తవం ఒకటి, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా ఒకటి, రాబోయే ఏడాది అంచనా ఒకటి. మొదటి గడిని ఎవరూ చూడరు. రెండో గడిలో గడిచిన నెలల వాస్తవానికి మిగిలిన నెలల ఆశను కలిపి రాస్తారు. మూడో గడిలో ఆశ ఒక్కటే ఉంటుంది. ఖాళీ స్థలాల పన్నుకు, ప్రకటనల రుసుముకు, దుకాణాల అద్దెలకు, భవన నిర్మాణ అనుమతుల ఫీజులకు ఘనమైన అంకెలు వేసుకుని, ఖర్చును ఆ అంకెలకు కాస్త లోపుగా సర్దితే మిగులు దానంతటదే పుడుతుంది. దానికి ప్రత్యేకంగా పాలనాదక్షత అక్కర్లేదు.

ఇక మార్చిలో ఇవ్వవలసిన కాంట్రాక్టర్ల బిల్లులు, కరెంటు బిల్లు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల భవిష్యనిధి వాటా ఏప్రిల్‌లోకి జరిగితే ముగింపు నిల్వ ఇంకా నిగనిగలాడుతుంది. పాలవాడికీ కిరాణా కొట్టుకూ బాకీ పెట్టి, నెలాఖరున డబ్బు మిగిలిందని సంబరపడే సంసారం ఎన్నాళ్లు సాగుతుందో నాకు తెలియదు. పురపాలక సంఘాలు నగదు లెక్కలతో సరిపెట్టకుండా, ఇవ్వవలసినవీ రావలసినవీ కూడా కనబడేలా జంట పద్దు విధానంలో ఖాతాలు రాయాలని జాతీయ మాన్యువల్ వచ్చింది 2004లో. ఇరవై ఏళ్లు గడిచాయి. పెండింగు బిల్లులు మొత్తం ఎంత అని ఒక కౌన్సిలర్ అడిగితే ‘వివరాలు తరువాత అందజేయబడును’ అన్న జవాబు తప్ప ఇంకొకటి నేను వినలేదు.

పన్ను వసూళ్ల సంగతి చూడండి. అసలు కథ ఉండేది డీసీబీ పట్టికలో. అంటే డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత అన్న పట్టికలో. అందులో పాత బకాయిలనూ నడుస్తున్న ఏడాది పన్నునూ విడివిడిగా చూపితే ఎవరు కడుతున్నారో, ఎవరు ఎగవేస్తున్నారో పసివాడికైనా అర్థమవుతుంది. అందుకే కాబోలు, ఆ పట్టిక సభ ముందుకు రాలేదు. మార్చి ఆఖరి వారంలో వార్డు సచివాలయం సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు, మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అతని ఇంటి కుళాయి కట్ చేస్తామని బెదిరించారు. ఊరి నడిబొడ్డున ఉన్న ప్రభుత్వ కార్యాలయాల పన్ను బకాయిల గురించి మాత్రం ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం మినహాయింపు ఇచ్చింది, సరే. రాష్ట్ర కార్యాలయాలకు ఏ అధికరణం అడ్డొచ్చిందో చెప్పేవారు లేరు.

2021 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ, అంటే ఆస్తి అసలు విలువ మీద కడుతున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటదని అప్పట్లో అదేదో పెద్ద ఉపకారంలా చెప్పారు. పదిహేను శాతం మూడుసార్లు పడితే నూరు రూపాయల పన్ను నూటయాభై రెండవుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు, అది మేమే లెక్కగట్టుకున్నాం. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంది. నేను ఏటా అలాగే కడతాను. ఏళ్ల తరబడి కట్టనివారికేమో 2025 మార్చిలో బకాయి వడ్డీలో 50 శాతం మాఫీ చేశారు. ‘మనమూ ఇన్నాళ్లు ఆగి ఉంటే సరిపోయేది కదండీ’ అని మా ఆవిడ అంటే, ఇన్నేళ్లు లెక్కలు చూసినవాణ్ణి, జవాబు చెప్పలేకపోయాను.

పనితీరు సంగతికి వస్తే ఒక్కటే చెబుతాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల పెద్ద మురుగు కాలువ ఉంది. వానాకాలానికి ముందు అందులో పూడిక తీశారు, మంచిదే. తీసిన పూడికను గట్టు మీదే కుప్పలుగా పోశారు, ఎండాక ఎత్తుకెళతామన్నారు. పదకొండో రోజున వాన పడింది. కుప్పలన్నీ వచ్చిన దారినే కాలువలోకి దిగాయి. పాలిథిన్ కవర్లూ కొబ్బరి బొండాలూ మాత్రం రోడ్డు మీద మిగిలాయి. అక్టోబరులో మళ్లీ తీశారు, మళ్లీ గట్టు మీదే పోశారు. బడ్జెట్ పుస్తకంలో పూడికతీతకు ఒకే పద్దు ఉంటుంది, అది ఒకే మట్టిని ఎన్నిసార్లు తీసినందుకో రాయడానికి అందులో గడి లేదు. పనుల కొలతలు రాసే ఎం.బుక్‌లో ఘనపు మీటర్లు కొలిచి రాసిన ఇంజినీరు ఆ కుప్పలను చూశారో లేదో, ఆ గట్టు మీద నడిచేవాళ్లం మేమైతే చూశాం.

మరొకటి కూడా చెప్పక తప్పదు. మనం కట్టే పన్ను రసీదులో గ్రంథాలయ సుంకం ఉంటుంది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అది పురపాలక సంఘం సొమ్ము కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన సొమ్ము. మా శాఖా గ్రంథాలయంలో ఐదు కుర్చీల్లో రెండింటికి వైరు అల్లిక ఊడితే నవారు కట్టి కూర్చుంటున్నాం, పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటున్నారు. సుంకం ఎంత వసూలయింది, ఎంత జమ అయింది అన్న ఒక్క వాక్యం బడ్జెట్ ప్రసంగంలో వెతికితే దొరకలేదు. మిగులులో ఈ ఎనిమిది పైసలు కూడా ఉన్నాయేమోనన్న అనుమానం నాదైతే తప్పు నాది కాదు.

లెక్కలు బయటపెట్టడం దయాధర్మం కాదన్నది కూడా వీరికి గుర్తుచేయాలి. 15వ ఆర్థిక సంఘం పట్టణ సంస్థలకు గ్రాంట్లు ఇస్తూనే ఖాతాలను, ఆడిట్ అయిన లెక్కలను ప్రజలకు ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచాలన్న షరతు పెట్టింది. చిన్న పట్టణాలకిచ్చే ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కూడా చెప్పింది. మా ఊళ్లో పెట్టారా అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగాను. ముప్పై రోజులు నిండాక వచ్చిన జవాబు: ‘కోరిన సమాచారం విస్తృతమైనది గావున పనిదినములలో కార్యాలయమునకు వచ్చి పరిశీలించుకొనవచ్చును.’ వెళ్లాను. సంబంధిత గుమస్తా సెలవులో ఉన్నారు. రెండోసారి వెళ్లాను. బీరువా తాళం సంబంధిత గుమస్తా దగ్గర ఉంది.

2021 మార్చిలో ఎన్నికైన ఈ పాలకవర్గానికి 2026 మార్చితో గడువు తీరిపోతుంది. ఆ తరువాత ఎవరిని అడిగినా ‘అది మా హయాంలోది కాదు’ అనే వినిపిస్తుంది. కాబట్టి 2024-25 ఆదాయవ్యయాల మీద మాత్రమే ఒక ప్రత్యేక సమావేశం పెట్టి, డీసీబీ పట్టికను, పెండింగు బిల్లుల జాబితాను, ఆడిట్ అభ్యంతరాలకు ఇచ్చిన సమాధానాలను సభ్యులకు వారం ముందు అందజేసి, వాటినే కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించాలని కోరుతున్నాను. ఆ సమావేశానికి శాలువాలు అక్కర్లేదు. టీ ఖర్చుకు పద్దు లేదంటారా, ఈ ఏడాది నాకు దక్కిన ఐదు శాతం రాయితీలోంచి నేనే ఇచ్చుకుంటాను.

ఇట్లు,
ఏప్రిల్‌లోనే పన్ను కట్టిన ఒక పాఠకుడు