ఇసుకకు తాడు కట్టే హక్కు ఎవరిచ్చారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో బీచ్ పక్కన వెలిసిన బొటీక్ హోటళ్ల గురించి కథనం వచ్చి పది రోజులైంది. చదివిన రోజే రాయాల్సింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను, చల్లారలేదు. గోడల రంగులు, పాత చెక్క తలుపులు, దీపాల అమరిక అన్నీ వర్ణించారు. ఆ హోటళ్ల ముందున్న ఇసుక ఎవరిదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. గత నెలలో నేనూ నా భార్యా అలాంటి ఒక హోటల్లో రెండు రాత్రులు ఉండి వచ్చాం. అందుకే ఈ ఉత్తరం.

ఉన్నమాట చెప్పాలి. రూము బాగుంది, పరుపు శుభ్రంగా ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. మూడంతస్తుల చిన్న హోటల్ కావడంతో అక్కడివాళ్లు మమ్మల్ని పేరు పెట్టి పలకరించారు. న్యూయార్క్‌లో 1984లో మోర్గాన్స్ అనే హోటల్ తెరిచినప్పుడు దాని యజమానుల్లో ఒకరైన స్టీవ్ రుబెల్, పెద్ద హోటళ్లు డిపార్ట్‌మెంట్ స్టోర్లయితే మాది బొటీక్ అన్నాడట. ఫ్రెంచిలో ఆ మాటకు చిన్న దుకాణమని అర్థం. చిన్నదైనా శ్రద్ధగా నడిపేదని ఆయన ఉద్దేశం. ఇవాళ ఆ పేరును ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. మా హోటల్లో వెనక మెట్ల నిండా పాత పరుపులు పేర్చి ఉన్నాయి. నిప్పంటుకుంటే జనం దిగాల్సిన దారి అది!

అసలు సంగతికి వస్తాను. మొదటి రోజు పొద్దున్నే అయిదున్నరకు బీచ్‌లోకి దిగాం. హోటల్ మెట్ల దగ్గర నుంచి నీళ్ల అంచు దాకా రెండు వైపులా నీలం తాడు కట్టి ఉంది. మధ్యలో గొడుగులు, పడక కుర్చీలు. రోజూ నడకకు వచ్చేవాడిలా ఉన్న ఒక పెద్దాయన తాడు దగ్గరికి వచ్చేసరికి సెక్యూరిటీ గార్డు ఈల వేశాడు. ఆయన ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి, మోకాలు పట్టుకుంటూ రోడ్డెక్కి, హోటల్ దాటాక మళ్లీ ఇసుకలోకి దిగాడు. గార్డు నా వైపు తిరిగి "మీరు గెస్టులు సార్, మీరు రావచ్చు" అన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

మేనేజర్‌ను అడిగితే ప్రైవేట్ బీచ్ అన్నాడు. కాగితం చూపించమంటే ఓనరు గారిని అడగాలన్నాడు. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు అందరివీ అని రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలంలో, 533లోనే ధర్మశాస్త్రంలో రాసిపెట్టారు. ఒడ్డంటే ఎంతవరకో కూడా చెప్పారు: చలికాలపు అతి పెద్ద పోటు ఎక్కినంత మేర. స్పెయిన్ 1978లో తన రాజ్యాంగంలోనే బీచ్‌లు ప్రజల ఆస్తి అని రాసుకుంది. హోటల్ గోడ లోపలిది హోటల్‌ది, కాదనను. అల వచ్చి తడిపే ఇసుకను రూము అద్దెలో కలిపి అమ్మడం దేనికిందికి వస్తుంది?

నేను ముప్పై ఏళ్లు ఓడరేవులో పనిచేసినవాణ్ని. అందుకే తర్వాత చూసింది ఇంకా భయపెట్టింది. పిల్లలతో వచ్చిన ఒక కుటుంబానికి హోటల్ కుర్రాడు స్నానానికి చోటు చూపిస్తున్నాడు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక పాయ మాత్రం ముదురు రంగులో నిలకడగా ఉంది. "అక్కడ అలల్లేవు, అక్కడ దిగండి" అంటున్నాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అలాగే కనిపిస్తుంది. రిప్ కరెంట్ అంటారు. గజ ఈతగాణ్ని కూడా లాక్కుపోతుంది. చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. నేను పరుగున వెళ్లి ఆపాను. ఆ కుర్రాణ్ని తప్పుపట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. ఇసుక మాదేనంటూ తాడు కట్టినవాళ్లు, ప్రమాదమున్న చోట ఒక ఎర్ర జెండా పాతలేకపోయారు.

రాత్రి ఫ్లడ్‌లైట్లన్నీ సముద్రం వైపే తిప్పి తెల్లవార్లూ వెలిగించారు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే ఆ వెలుగే వాటి పిల్లలకు చావు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల చీకట్లో ఎక్కువ వెలుతురున్న దిక్కుకు పాకుతుంది. మామూలుగా అది సముద్రం వైపే. ఒడ్డున లైట్లుంటే వాటి వైపు పాకి రోడ్డు మీదికి వస్తుంది.

తిరిగొచ్చాక రెండు ఆఫీసులకు అర్జీ పెట్టాను. రోడ్డు వరకే మా పరిధి అన్నారు ఒకచోట. నీళ్లలో అయితే మా పని అన్నారు ఇంకోచోట. మధ్యలో ఇసుకకు దిక్కు లేదు. వీధి దీపమైనా, మురుగుకాలువైనా ఇదే వరస. అర్జీ తీసుకుని రసీదు కూడా ఇవ్వరు. ఒకప్పుడు మీ పేపర్లో నాలుగు వాక్యాలు పడితే సాయంత్రానికి అధికారి వచ్చి చూసి వెళ్లేవాడు. ఇప్పుడు మీరూ రూము ఫొటోలతో సరిపెడుతున్నారు. ఏళ్ల తరబడి ఈ పేపరే చదువుతున్నాను కాబట్టి ఆ బాధ చెప్పుకుంటున్నాను.

దయచేసి ఒకరోజు పొద్దున్నే మీ విలేఖరిని పంపండి. హోటల్‌కు చెప్పకుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకు ఇసుక మీద నడవమనండి. ఎన్నిచోట్ల ఈల వేసి ఆపారో లెక్కపెట్టి, అది మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఓడరేవు ఉద్యోగి